పదేళ్ల పిల్లకు దారేది?

చిరంజీవులకు,

ఆశీస్సులు. సంక్రాంతి ముగ్గుల పోటీకి పేర్లు తీసుకునే పని ఈసారి కాలనీవాళ్లు మీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గూగుల్ ఫామ్‌లో పేరు, వయసు, ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకుని, ఎవరు ఏ విభాగంలోకి వస్తారో వాళ్లకు దానంతటదే మెయిల్ వెళ్లేలా, పనులను వాటంతటవే నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన ఎన్‌8ఎన్‌లో పెట్టారట. మీరు పంపిన స్క్రీన్‌షాట్ తీరిగ్గా చూశాను. బాగానే అల్లారు. కానీ అందులో పదేళ్ల పిల్లలకు చోటు లేదు.

స్విచ్ నోడ్, అంటే షరతును బట్టి వచ్చినవాటిని వేర్వేరు దారుల్లోకి పంపే పెట్టె, తెరిచి మళ్లీ చూడండి. మొదటి షరతు, వయసు 10 కన్నా తక్కువ. రెండోది, 10 కన్నా ఎక్కువ, 15 కన్నా తక్కువ. మూడోది, 15 కన్నా ఎక్కువ. సరిగ్గా పదేళ్ల పిల్ల పేరిస్తే ఈ మూడింట్లో దేనికీ చిక్కదు. పదిహేనేళ్ల పిల్లాడికీ అంతే. ఏ షరతుకూ సరిపోనివాటిని ఏం చేయాలో మనం చెప్పకపోతే, స్విచ్ వాటిని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఎర్ర గుర్తు రాదు, ఎర్రర్ అనదు. పని సజావుగా అయిపోయినట్టు పచ్చగానే చూపిస్తుంది. ఆ పిల్లకు మాత్రం మెయిల్ రాదు, పోటీ రోజు రంగుల డబ్బాతో వస్తే ఏ విభాగంలోనూ పేరుండదు.

అదే నోడ్‌లో కింద ఆప్షన్లలో ఫాల్‌బ్యాక్ అవుట్‌పుట్ అని ఉంటుంది. మనం ముట్టుకోకపోతే అది ‘నన్’ (ఏదీ వద్దు) మీదే ఉంటుంది. దాన్ని ‘ఎక్స్‌ట్రా అవుట్‌పుట్’కు మార్చండి, నోడ్‌కు ఇంకో దారి మొలుస్తుంది. ఎటూ వెళ్లలేనివన్నీ అటు వస్తాయి. నన్నడిగితే స్విచ్ పెట్టగానే మొదట వేయాల్సింది ఈ మిగులు దారే. వయసు విభాగాలు ఎవరైనా గుర్తుపెట్టుకుని రాస్తారు. మనకు తట్టనివి ఎటు పోవాలన్నదే ఎవరూ ఆలోచించరు.

ఇక 10, 15 ఎటు చేరాలన్నది సాఫ్ట్‌వేర్ తేల్చేది కాదు. కాలనీ నోటీసులో ‘10 లోపు, 10 నుంచి 15, 15 పైన’ అని వేశారు కదా. పదిహేనేళ్ల పిల్లాడు రెండింట్లోనూ ఉన్నాడా, రెండోదాంట్లోనేనా? వయసు ఏ రోజుకు లెక్క, పేరిచ్చిన రోజుకా, పోటీ రోజుకా? ఇవి పెద్దవాళ్లను అడిగి కాగితం మీద రాయించుకోండి. తర్వాతే షరతుల జోలికి వెళ్లండి. పెద్ద ఆఫీసుల్లో కూడా ఇలాంటి పని చాలాసార్లు ఆగేది ఇక్కడే. నియమం ఎవరికీ సరిగ్గా తెలియదు, తప్పు కంప్యూటర్ మీదకు పోతుంది.

షరతుల వరుస కూడా చూసుకోవాలి. ఎన్‌8ఎన్ స్విచ్ పైనుంచి కిందికి చదువుతూ, మొదట సరిపోయిన దారిలోకే పంపుతుంది. సరిపోయిన అన్నిటికీ పంపమని ఒక ఆప్షన్ ఉంది, అది మనం పెడితేనే. ఇలాంటి పనే చేసే వేరే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. జేపియర్‌లో పాత్స్, మేక్‌లో రౌటర్ అలా కాదు. రెండు షరతులు సరిపోతే రెండు దారులూ నడుస్తాయి. మీ స్నేహితులెవరో జేపియర్‌లో ఇదే చేస్తున్నారన్నారుగా, 15 రెండు విభాగాల్లో పడితే వాళ్ల దగ్గర ఒకే పిల్లాడికి రెండు మెయిళ్లు వెళ్తాయి. పవర్ ఆటోమేట్‌లోనూ స్విచ్ ఉంది, అక్కడ మిగులు దారి పేరు డిఫాల్ట్. పేర్లు మారినా అన్నిచోట్లా అడగాల్సినవి రెండే: సరిపోయిన మొదటిదేనా అన్నీనా, ఏదీ సరిపోకపోతే ఏమిటి?

వరుస తప్పితే ఏమవుతుందో లీపు సంవత్సరం లెక్కలో చూడొచ్చు. 4తో భాగిస్తే పోయేవి లీపు, 100తో పోయేవి కాదు, 400తో పోయేవి మళ్లీ లీపు. ముందు 4 గురించి అడిగి అక్కడే ఆగితే 1900 లీపు సంవత్సరమైపోతుంది. ముందు 400, తర్వాత 100, ఆఖర్న 4 అడిగితే 2000 లీపు అవుతుంది, 1900 కాదు. ఇరుకైన షరతు పైన, వెడల్పాటిది కింద. అన్నట్టు, ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అనే లేని తేదీ ఇప్పటికీ ఉంది. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాంలో ఉన్న పొరపాటును, దాని ఫైళ్లతో లెక్క కుదరాలని అలాగే ఉంచేశారు!

‘అండ్’ (రెండూ నిజమవ్వాలి), ‘ఆర్’ (ఒక్కటి నిజమైనా చాలు) దగ్గర జాగ్రత్త. 10 నుంచి 15 అన్నప్పుడు రెండు షరతుల మధ్య ‘అండ్’ ఉండాలి. ‘ఆర్’ పెడితే డెబ్భై ఏళ్ల బామ్మ కూడా దూరిపోతుంది, ఎందుకంటే ఆవిడ వయసు 10 కన్నా ఎక్కువే. ‘కాదు’ చేరితే ఇంకా తికమక. కాలనీలో ఎ, బి బ్లాకులవాళ్లను పక్కన పెట్టాలనుకుని ‘ఎ బ్లాక్ కాదు లేదా బి బ్లాక్ కాదు’ అని రాస్తే అందరూ లోపలికే. రెండు బ్లాకులనూ ఆపాలంటే ‘ఎ కాదు, అలాగే బి కూడా కాదు’ అనాలి. ఇది డీ మోర్గాన్ అనే గణిత శాస్త్రవేత్త పేరుతో ఉన్న సూత్రం. ఆయన పుట్టింది 1806లో, మన మదురైలో.

లోపలికి వచ్చే సమాచారం ఎప్పుడూ శుభ్రంగా ఉండదు. వయసు గడిలో ఒకరు 9 అని, ఒకరు ‘తొమ్మిది’ అని, ఇంకొకరు ‘9 ఏళ్లు’ అని రాస్తారు. సంఖ్యల పోలికకు అక్షరాలు అందితే ఎన్‌8ఎన్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. అది మంచిదే, కనీసం మనకు తెలుస్తుంది. ఖాళీ గడితో ఇంకో బాధ. ఎన్‌8ఎన్‌లో మనం రాసే చిన్న సూత్రాలు (ఎక్స్‌ప్రెషన్లు) జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషవి. అందులో ఖాళీని సంఖ్యగా మారిస్తే 0 వస్తుంది, 0 అంటే 10 కన్నా తక్కువే కదా. వయసు రాయని పెద్దాయన బుజ్జి పిల్లల విభాగంలో తేలతాడు. అందుకే ఖాళీయా అన్న షరతును అన్నిటికన్నా పైన పెట్టండి. ఫామ్‌లోనే వయసు సంఖ్యగా తప్ప ఒప్పుకోనట్టు రెస్పాన్స్ వాలిడేషన్ పెట్టి, ఆ ప్రశ్న తప్పనిసరి చేస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. అనుమతి ప్రశ్నకు టైపు చేసే గడి తీసేసి అవును, కాదు అని ఎంచుకునేలా మార్చండి. ‘అవును’ తర్వాత ఒక స్పేస్ పడినా అది వేరే మాట కిందే లెక్క, కంటికి కనబడదు, గంటసేపు వెతుక్కుంటారు.

అనుమతికి స్విచ్ అక్కర్లేదు, ఇఫ్ నోడ్ చాలు. అందులో ట్రూ, ఫాల్స్ అని రెండే దారులు. ఒకేసారి ఇరవైమంది వివరాలు ఇరవై వరుసలుగా వచ్చినా ఒక్కోదాన్నీ విడిగా చూసి కొన్నిటిని అటు, కొన్నిటిని ఇటు పంపుతుంది. ఇప్పుడు మీ ఫాల్స్ దారి గాలిలో వేలాడుతోంది. అనుమతి లేనివాళ్లకు ఒక మర్యాదైన మెయిల్ వెళ్లేలా దానికి తగిలించండి.

నిజమైన ఫామ్ తెరిచే ముందు దొంగ పేర్లతో పరీక్ష పెట్టండి. వయసులు 9, 10, 11, 14, 15, 16, ఒక ఖాళీ, ఒక ‘పది’. మెయిళ్లన్నీ మీకే వచ్చేలా పెట్టుకుని, ఏ వరుస ఏ దారిలో పోయిందో నోడ్ మీద నొక్కి కళ్లతో చూడండి. షరతు ఎప్పుడు మార్చినా మళ్లీ ఇవే ఎనిమిదీ నడపాలి.

మిగులు దారిలో పడ్డవాళ్ల పేర్లు ఎవరో ఒకరి ఫోన్‌కు రావాలి, ఆ రోజే ఆ ఇంటికి వెళ్లి కనుక్కోవాలి. అక్కా తమ్ముడూ పోట్లాడుకోకుండా అది ఎవరో తేల్చుకుని నాకు చెప్పండి.

ఇట్లు,
మీ పెదనాన్న