చిగురు పసుపెక్కితే నేలలో ఇనుము లేనట్టేనా?

పండ్లతోటల్లో నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఒకే ప్రశ్న: "చిగుళ్ళు పసుపెక్కాయి, పాదుకు ఎన్ని కిలోల అన్నభేది (ఇనుమును అందించే ఫెర్రస్ సల్ఫేట్) వేయమంటారు?" అడిగేవారి ఆందోళనను నేను తప్పుపట్టను, ఏళ్ళ తరబడి పెంచిన చెట్టు పాలిపోతుంటే ఎవరికైనా నిద్ర పట్టదు, వారికి అన్నభేది వేయమని సలహా ఇచ్చి సంచులు మోయించేవారి మీదే నా విసుగంతా.

అపోహ: లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే నేలలో ఇనుము అయిపోయినట్టే.

వాస్తవం: ఆ లక్షణం ఇనుప ధాతు లోపానిదే, కానీ లోపం చెట్టులో ఉంది, నేలలో కాదు. దాదాపు ప్రతి నేలలోనూ చెట్టు అవసరానికి ఎన్నో రెట్లు ఇనుము ఉంటుంది. సున్నం ఎక్కువై ఉదజని సూచిక (పీహెచ్) 7.5 దాటిన చోట అది నీటిలో కరగని రూపంలోకి మారి వేరుకు అందకుండా పోతుంది, మనం పాదులో పోసిన అన్నభేదికి కూడా త్వరలోనే అదే గతి పడుతుంది. ఇడిటిఎ రకం చెలేటెడ్ ఇనుము, అంటే కరిగే రూపంలోనే ఉండేలా మరో పదార్థంతో బంధించిన ఇనుము, కూడా ఇలాంటి నేలలో నిలవదు. నిలిచేది ఇడిడిహెచ్ఎ రకం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక నిమ్మతోటలో అన్నభేది మోతాదు రెట్టింపు చేయించాను. మరుసటి చిగురు కూడా పసుపుగానే వచ్చింది. అప్పుడు సిగ్గుపడి పాదు తవ్వి చూస్తే అడుగున సున్నపు గడ్డలు, వాటి మధ్య ఎప్పుడూ ఆరని బురద కనిపించాయి. గాలి ఆడని తడి నేలలో బైకార్బొనేట్ పెరిగి ఇనుము అందడం మరింత కష్టమవుతుంది. ఎరువు ఆపించి, తడికీ తడికీ మధ్య ఎడం పెంచి, నీరు నిలవకుండా కాలువ తీయించాక వచ్చిన చిగురు పచ్చబడింది.

అపోహ: ఒకసారి పిచికారి చేస్తే సరిపోతుంది.

వాస్తవం: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి ఎండ తగ్గాక కొడితే తడిసిన ఆకులే పచ్చబడతాయి. ఇనుము ముదురు ఆకు నుంచి చిగురుకు సులభంగా కదలదు కాబట్టి తర్వాతి చిగురు మళ్ళీ పసుపుగానే వస్తుంది.

అపోహ: ఏ ఆకు పసుపెక్కినా ఇనుప లోపమే.

వాస్తవం: ముందుగా ముదురు ఆకులు పాలిపోతే నత్రజనినో మెగ్నీషియంనో అనుమానించాలి, చిగురాకులు చిన్నవై గుబురుగా వస్తే జింకును. ఆకు పరీక్షలో ఇనుము అంకె బాగుందని మురిసిపోవడానికీ లేదు. పసుపు ఆకులోనూ పచ్చని ఆకుకు సమానంగా ఇనుము తేలడం మామూలే.

ఇక వేరుమూలం, అంటే అంటుమొక్కలో వేళ్ళున్న అడుగు మొక్క, సంగతి అడిగేవారే తక్కువ. ట్రైఫోలియేట్ (మూడాకుల నారింజ) వేరుమూలం మీద అంటు కట్టిన నారింజ జాతి మొక్కలు సున్నపు నేలను అసలు ఓర్చుకోలేవు. మట్టి మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నానికి గుర్తుగా నురగ వస్తుందో లేదో గుంత తీయకముందే చూడాలి, ఎందుకంటే నాటిన తర్వాత మార్చలేనిది ఆ వేరుమూలం ఒక్కటే.