పాత ఖాళీ భవనాల్లో మంటలు: అపోహలు - వాస్తవాలు

మంటలు ఆరాక లోపలికి వెళ్లి, నిప్పు ఎక్కడ పుట్టింది, ఎలా పుట్టింది అన్నది తేల్చడం నా పని. అమెరికా నగరాల్లో ఈ పనికి పెద్ద తలనొప్పి వందేళ్లనాటి ఖాళీ భవనాలే. ఒకే పేటలో వరసగా రెండు మూడు కాలాయంటే చాలు, మేం బూడిద తవ్వకముందే ఊరు తీర్పు చెప్పేస్తుంది.

అపోహ: కరెంటు లేదు, మనుషుల్లేరు. ఇంకేముంది, ఎవరో కావాలనే అంటించారు.

కరెంటు లేకపోతే షార్ట్ సర్క్యూట్ ఒక్కటే లెక్కలోంచి పోతుంది. మనుషుల్లేరన్న మాట మాత్రం అంత తేలిగ్గా నమ్మకూడదు. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 1906 నాటి కోల్డ్ స్టోరేజ్ గోదాము పదేళ్లకు పైగా ఖాళీగా పడి ఉంది. 1999 డిసెంబర్ 3న అందులో తలదాచుకున్న ఇల్లూవాకిలీ లేని ఓ జంట దగ్గర కొవ్వొత్తి పడి అంటుకుంది. వాళ్లు బయటపడ్డారు గానీ ఎవరికీ చెప్పలేదు. లోపల ఇంకా మనుషులున్నారేమోనని వెతకబోయిన ఫైర్ సిబ్బందిలో ఇద్దరు పొగలో దారి తప్పారు. వాళ్లకోసం వెళ్లిన మరో నలుగురూ తిరిగి రాలేదు.

ప్రమాద కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసి, మిగిలింది తగలబెట్టడమేనని రాసేసే అలవాటు ఒకప్పుడు మా వృత్తిలో ఉండేది. అగ్నిప్రమాదాల దర్యాప్తులో మాకు ప్రామాణికమైన మార్గదర్శి పుస్తకం ఎన్‌ఎఫ్‌పీఏ 921 దాన్ని 2011 ఎడిషన్‌లో తోసిపుచ్చింది. ఆధారం దొరక్కపోతే "కారణం తేలలేదు" అని రాయాలి. నగర పెద్దలకు ఆ ముక్క నచ్చదు. రాయక తప్పదు.

అపోహ: నేల మీద మడుగు కట్టినట్టు కాలిన మచ్చలుంటే పెట్రోలు పోసినట్టే. రెండు మూడు చోట్ల విడివిడిగా కాలితే ఇక అనుమానమే అక్కర్లేదు.

గది పైభాగంలో చేరిన వేడికి లోపలున్న సామానంతా దాదాపు ఒక్కసారే భగ్గుమనే దశను ఫ్లాష్ఓవర్ అంటారు. అది దాటితే పెట్రోలు చుక్క లేకుండానే నేల అలా కాలుతుంది. 1990లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఒక ఇల్లు కాలి ఆరుగురు చనిపోతే, ఇంటాయన మీద కేసు పెట్టారు. నేరం రుజువు చేద్దామని ప్రాసిక్యూషన్ వాళ్లే, కూల్చడానికి సిద్ధంగా ఉన్న అలాంటి ఇంటినే అదే వీధిలో ఎంచుకుని, సామాను సర్ది నిప్పు పెట్టి చూశారు. అయిదు నిమిషాలు కూడా కాకుండానే ఫ్లాష్ఓవర్ వచ్చింది, పెట్రోలు లేకుండానే అవే మచ్చలు పడ్డాయి. కేసు వెనక్కి తీసుకున్నారు.

పాత ఇళ్లలో ఇంకో చిక్కుంది. చెక్క ఇళ్లలో గోడ బద్దెలు పునాది నుంచి కప్పు దాకా ఏకంగా ఉండేవి, మధ్యలో అడ్డు లేదు. కింద పుట్టిన మంట ఆ సందుల్లోంచి పొగగొట్టంలో పాకినట్టు పాకి అటకలో బయటపడుతుంది. చూసేవాళ్లకు రెండు చోట్ల అంటించినట్టే ఉంటుంది. అందుకే మేం గోడ విప్పి చూస్తాం.

పెట్రోలు జాడ ఉందేమో తేల్చడానికి నేల చెక్క ముక్కలు కోసి, మూత బిగించిన రేకు డబ్బాల్లో ల్యాబ్‌కి పంపుతాం. దానితోపాటు కాలని మూల నుంచి ఇంకో ముక్క పంపడం తప్పనిసరి. పైన్ చెక్కలో సహజంగానే టర్పెంటైన్ జాతి నూనెలుంటాయి. పోల్చి చూడకపోతే చెట్టు మీదే కేసు పెట్టాల్సి వస్తుంది.

అపోహ: గాజుకు సన్నని పగుళ్ల వల పడిందంటే మంట అసాధారణంగా వేగంగా పెరిగిందన్నమాట.

కాదు. వేడెక్కిన గాజు మీద ఫైరింజన్ నీళ్లు పడితే అలా అవుతుంది.

అపోహ: ఇన్సూరెన్స్ డబ్బు కోసం యజమానే తగలబెట్టిస్తాడు.

అలాంటివీ ఉన్నాయి. కానీ రాగి తీగలు కోసుకెళ్లే దొంగలు, ఆకతాయి కుర్రాళ్లు, చలి కాచుకునేవాళ్లు కూడా ఈ లిస్టులో ఉంటారు. పైగా అమెరికాలో ఎక్కువగా వాడే వాణిజ్య భవనాల పాలసీలో, 60 రోజులకు పైగా ఖాళీగా ఉంటే అగ్నిప్రమాద పరిహారంలో 15 శాతం కోత పడుతుంది. విధ్వంసానికీ, దొంగతనానికీ అసలు ఇవ్వరు.

అపోహ: కాలిన గోడలు ప్రమాదం, మర్నాడే కూల్చేయాలి.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. లోపలి చెక్క అంతస్తులు కాలిపోతే ఇటుక గోడలకు ఆసరా పోతుంది, నిజమే. దానికి ముందు చేయాల్సింది ఊతకర్రలు పెట్టి కంచె వేయడం. బుల్‌డోజర్ దిగిందా, ఆధారాలు గోడతోపాటే పోతాయి.

ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో, ఒక పక్కకు ఒరిగి ఉండే 1765 నాటి క్రుకెడ్ హౌస్ పబ్ చేతులు మారిన కొద్ది రోజులకే, 2023 ఆగస్టు 5న కాలింది. పోలీసులు తగలబెట్టిన కేసుగా దర్యాప్తు మొదలుపెట్టారు. రెండు రోజుల్లో మిగిలింది నేలమట్టమైంది. స్థానిక కౌన్సిల్ అంత కూల్చడానికి ఒప్పుకోలేదు. 2024 ఫిబ్రవరిలో, మూడేళ్లలో మునుపటిలాగే కట్టాలని యజమానులకు నోటీసిచ్చింది. కాలితే స్థలం ఖాళీ అయిపోతుందన్న ఆశకు ఇంతకంటే గట్టి జవాబు నాకు కనబడలేదు.

అపోహ: గస్తీ పెంచి, తలుపులకు చెక్కలు కొడితే చాలు.

అమెరికాలోని డెట్రాయిట్‌లో 1984లో, అక్టోబర్ ఆఖర్న వచ్చే హాలోవీన్ పండగ రోజుల్లో 800కి పైగా మంటలు లేచాయి. 1995 నుంచి ఏటా వేలమంది వలంటీర్లు రాత్రుళ్లు వీధులు కాశారు. మంటలు బాగా తగ్గాయి. కానీ గస్తీ ఆ రెండు మూడు రాత్రులకే, ఇల్లు ఖాళీగా ఉండేది ఏడాదంతా. 2020లో అక్కడి ఓటర్లు 25 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. సుమారు 8,000 ఇళ్లు కూల్చాలని, మరో 8,000 కూల్చకుండా నిలబెట్టాలని ప్రణాళిక. ఆ రెండో సగమే నాకు ముఖ్యం.

చెక్కలు కొట్టడానికీ పద్ధతుంది. మేకుల్ని ఒక్క గడ్డపారతో పీకేస్తారు. ప్లైవుడ్‌కి లోపలా బయటా అడ్డ బద్దెలు పెట్టి, బోల్టు ఇటు నుంచి అటు దూర్చి, నట్టు లోపలివైపు బిగించాలి. గాలి ఆడే జాలీలు వదలాలి, లేకపోతే తేమ పట్టి నిప్పు చేయాల్సిన పని చెదలు చేస్తాయి.

అపోహ: ఖాళీ భవనానికి తెల్ల ఇంటూ గుర్తున్న ఎర్ర పలక పెట్టారంటే కూల్చబోతున్నారని.

షికాగో ఈ పలకలు 2012లో పెట్టడం మొదలుపెట్టినప్పుడు చుట్టుపక్కలవాళ్లు అలాగే కంగారుపడ్డారు. అది ఫైర్ సిబ్బందికి రాసిన కబురు: ప్రాణం కాపాడాల్సి ఉంటే తప్ప లోపలికి అడుగుపెట్టొద్దని. ఇలాంటి పలకలు వాడే కొన్ని ఊళ్లలో ఖాళీ చదరం ఉంటే మామూలు భవనం, ఒక్క ఏటవాలు గీత ఉంటే జాగ్రత్తగా వెళ్లాలని. భవనం బాగుచేస్తే పలక తీసేస్తారు.