చెర్రీ మొక్క ఆర్డరు పెట్టే ముందు

చిన్నూ, హాసినీ, సియాటిల్‌లో ఉన్న మా ఆర్యా,

ముగ్గురికీ ఒకటే ఉత్తరం రాస్తున్నా. ఆర్య వాళ్ల పెరట్లో చెర్రీ నాటిన ఫొటో చూసినప్పటినుంచి మీరిద్దరూ బెంగళూరులోనూ నాటాలని పట్టుబడుతున్నారట. ఆన్‌లైన్లో మొక్క కూడా చూసి పెట్టుకున్నారని అమ్మ చెప్పింది. ఆ ఆర్డరు పెట్టకండి. ఎందుకో చెప్తా వినండి.

చెర్రీ పూమొగ్గ వసంతంలో పుట్టేది కాదు. అంతకు ముందు ఎండాకాలంలోనే కొమ్మ మీద తయారై, చలికాలమంతా పొలుసుల చాటున ముడుచుకుని ఉంటుంది. మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసిందని తొందరపడి విచ్చుకుంటే, ఆ తర్వాత పడే మంచుకి మాడిపోతుంది. అందుకే చెట్టు చలి గంటల్ని జపమాల పూసల్లా లెక్కపెట్టుకుంటుంది. తోటల వాళ్ల పాత లెక్కలో సుమారు 7 డిగ్రీలకు దిగువన గడిచినదే చలి గంట. రకాన్ని బట్టి అలాంటివి కొన్ని వందలు కావాలి, కొన్నిటికి వెయ్యి దాకా కావాలి. ఆ లెక్క నిండి, ఆపైన వెచ్చబడితేనే పూత.

మరి మన ఊరో? బెంగళూరు నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు. అదీ 1884 జనవరిలో. అంటే ఆ లెక్కలో మొదటి గంట కూడా ఇక్కడ పడలేదన్నమాట! పొద్దున్నే స్వెట్టర్లు వేసుకుని స్కూలుకి వెళ్తున్నాం కదా అంటారేమో. మనల్ని వణికించే 15 డిగ్రీలు ఆ చెట్టుకి చలే కాదు. తెచ్చి నాటితే వెంటనే చావదు, ఆకులు వేస్తుంది, మీకు ఆశ పెడుతుంది. పూత మాత్రం సరిగా రాదు, రానురాను చెట్టు నీరసిస్తుంది. ఒక ప్రాణిని అలా తెచ్చి బాధపెట్టడం నాకిష్టం లేదు.

మన దేశంలోనూ చెర్రీ ఉంది. షిల్లాంగ్‌లో నవంబరులో పూసేది హిమాలయాల చెర్రీయే. చలికాలం వెళ్లేదాకా ఆగకుండా ముందే పూసే రకం అది. అయినా కొండల చల్లదనంలో పెరిగేదే, మన ఎండలకి తగదు.

ఆర్యా, నీ చెట్టుకి చలి కొదవ లేదు. నువ్వు భయపడాల్సింది తడికి. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే చెర్రీ తట్టుకోలేదు, వాన వెలిసాక పాదులో నీరు ఇంకిందో లేదో చూడు. మొదలుకి కొంచెం పైన బొడిపెలాంటిది కనిపిస్తోందా? అది అంటు కట్టిన చోటు. మట్టీ, చెక్కపొట్టూ దాన్ని కప్పకూడదు. దాని కింద నుంచి పిలకలొస్తే పుట్టినవి పుట్టినట్టే తీసెయ్యి. అవి నువ్వు కొన్న రకం కావు, అంటు కట్టడానికి కింద వాడిన వేరే మొక్కవి. వదిలేస్తే అసలు చెట్టుకి బలం దక్కనివ్వవు. కొమ్మలు కత్తిరించాలంటే వానాకాలమైన మీ శీతాకాలంలో వద్దు, కోసిన గాయంలోంచి తెగుళ్లు లోపలికి పోతాయి. పూత అయ్యాక, పొడిగా ఉండే వేసవిలో కత్తెర పట్టు. పూసే రోజుల్లో వానలు ఎక్కువైతే కొమ్మ చివర్లు కాలినట్టు గోధుమరంగుకి తిరిగి, వాడిన పూలు రాలకుండా వేలాడతాయి. అది ఒక రకం బూజు వల్ల వచ్చే తెగులు. పొడి రోజు చూసి ఆ కొమ్మల్ని కోసి పారెయ్యి, చెట్టు కింద పడేయకు.

ఇక మీ ఇద్దరి సంగతి. ఏటా సంక్రాంతి దాటాక వైట్‌ఫీల్డ్ రోడ్ల పక్కన గులాబీరంగులో విరగబూసే చెట్టుని అందరూ చెర్రీ అనేస్తున్నారు. దాని పేరు టబెబుయా రోజియా, సొంతూరు మధ్య అమెరికా వైపు. కింద పడిన పువ్వునొకటి తీసి చూడండి. బూర ఆకారంలో ఒకే గొట్టం, అంచున అయిదు మడతలు, గొంతులో పసుపు. చీల్చి చూస్తే లోపల నాలుగే కేసరాలు. చెర్రీకి రేకలు దేనికది విడిగా ఉంటాయి, కేసరాలు బోలెడు. చెర్రీ పువ్వు రేక రేకగా రాలుతుంది, ఇది నిండు పువ్వుగానే రాలుతుంది. ఆకు చూసినా తెలుస్తుంది: టబెబుయా ఆకులో అయిదు చిట్టి ఆకులు అరచేతిలో వేళ్లలా విచ్చుకుంటాయి.

చెర్రీ కాదని దీన్ని చిన్నచూపు చూడకండి. 1908 నుంచి లాల్‌బాగ్ బాధ్యతలు చూసిన జర్మన్ తోటమాలి క్రుంబిగెల్, ఈ ఊళ్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూనే ఉండేలా వీధి చెట్లు ఎంచాలనుకున్నాడు. ఆకులన్నీ రాల్చేసి, ఎండల ముందు నిండా పూసే ఇలాంటి చెట్లు ఆ ఆలోచనకి సరిగ్గా సరిపోతాయి.

పూత అయ్యాక సన్నగా పొడుగ్గా కాయలు వేలాడతాయి. అవి ఎండి పగిలే వేళకి కొన్ని ఏరుకోండి. లోపలి గింజలకి కాగితంలాంటి రెక్కలుంటాయి, గాలికి ఎగిరిపోతాయి జాగ్రత్త. దాచిపెట్టకుండా వెంటనే విత్తాలి, పాతబడితే మొలవవు. పైన పలచగా మట్టి చల్లితే చాలు. మొలకల్ని కవర్లలో పెంచి, కాస్త ముదిరాక వానలు మొదలైనప్పుడు నేలలో పెట్టండి. మొదటి రెండు వేసవులూ నీళ్లు తప్పనిసరి.

బాల్కనీ కుండీకి మాత్రం ఇది పనికిరాదు, మూడు నాలుగంతస్తుల ఎత్తు పోతుంది. కరెంటు తీగల కింద అసలే వద్దు, గాలివానకి కొమ్మలు విరుగుతాయి. మీ అపార్ట్‌మెంట్ వెనక ఆట స్థలం మూల ఎండ బాగా పడుతుంది కదా, అసోసియేషన్ వాళ్లని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. కాయలు పగలడం మొదలవగానే నాకు ఫోన్ చెయ్యండి, నర్సరీ కవర్లూ పశువుల ఎరువూ నేను తెస్తాను.

మీ అమ్మమ్మ
జయనగర, బెంగళూరు