పీడీఎఫ్‌లో ఉన్నది ఎవరి బాఖ్? గ్రేడ్ పరీక్షల పుస్తకాల పేచీ వెనక కథ

హనుమకొండ, కాజీపేటల్లో పియానో నేర్చుకునే పిల్లల ఇళ్లలో పాత పేచీ మళ్లీ రాజుకుంది. లండన్ సంగీత బోర్డులు పెట్టే గ్రేడ్ పరీక్షల దరఖాస్తులు నింపే రోజులు రాగానే ఏటా కాస్త పొగ లేవడం మామూలే. ఈసారి అది వాట్సాప్ గ్రూపులు దాటి ఆదివారం చర్చి ఆవరణల దాకా వచ్చింది. ఒక టీచర్ పిల్లలు తెచ్చిన స్పైరల్ బైండింగ్ ప్రతులను పక్కన పెట్టించి, 'ఉర్‌టెక్స్ట్' పుస్తకం కొంటేనే పాఠం అన్నారట. ఉర్‌టెక్స్ట్ అంటే స్వరకర్త రాసింది మాత్రమే ఉంచి, తర్వాతివాళ్ల చేర్పులు తీసేసిన అచ్చు. నెట్‌లో ఊరికే దొరికేదానికి వేలు పొయ్యడమేంటని తల్లిదండ్రులు తిరగబడ్డారు. ఇంకో టీచర్ వాళ్ల పక్షాన నిలబడ్డారు. టెన్షన్ మాత్రం పిల్లలకు.

లండన్ బోర్డుల పరీక్షలు మనదాకా ఎలా వచ్చాయి, మిషన్ చర్చిలు, రైల్వే కాలనీలు ఈ సంగీతాన్ని ఎలా తెచ్చాయి అన్నది చాలామందికి తెలిసిన కథే. దాని జోలికి పోను. ఈ గొడవకు అసలు మలుపు 2008 జూన్ 30 అని నా లెక్క.

ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఉచిత ఆన్‌లైన్ స్వరలిపి భాండారం మూతపడి మళ్లీ తెరుచుకున్న రోజు అది. ఎడ్వర్డ్ గువో అనే సంగీత విద్యార్థి 2006 ఫిబ్రవరిలో దాన్ని మొదలుపెట్టాడు. కాపీరైట్ తీరిపోయిన పాత అచ్చులను స్కాన్ చేసి ఎవరైనా ఎక్కించవచ్చు, ఎవరైనా దించుకోవచ్చు. 2007 అక్టోబర్‌లో వియన్నాకు చెందిన యూనివర్సల్ ఎడిషన్ లాయర్ల నుంచి నోటీసు వచ్చింది. సైట్ నడిచేది కెనడా చట్టం కింద. అక్కడ అప్పట్లో రచయిత చనిపోయాక 50 ఏళ్లకు హక్కు తీరేది. యూరప్‌లో 70 ఏళ్లు. కెనడాలో స్వేచ్ఛగా ఉన్నది యూరప్‌లో చోరీ అవుతుందన్నది కంపెనీ మాట. కుర్రాడు భయపడి సైట్ మూసేశాడు. ఎనిమిది నెలల తర్వాత, ఏ పుస్తకం ఏ దేశంలో స్వేచ్ఛగా ఉందో విడివిడిగా గుర్తుపెట్టే పద్ధతితో మళ్లీ తెరిచాడు.

అంతవరకు వరంగల్‌లో జర్మన్ స్వరకర్త బాఖ్ పుస్తకం కావాలంటే సికింద్రాబాద్ వెళ్లే ఎవరితోనో చెప్పి తెప్పించుకోవాలి, లేదంటే మద్రాసు, బొంబాయి దుకాణాలకు ఆర్డరు పెట్టాలి. అక్కనుంచి తమ్ముడికి, టీచర్ నుంచి శిష్యుడికి చేతులు మారిన, అమెరికన్ కంపెనీ షర్మర్ వేసిన పసుపు అట్ట పుస్తకాలే ఎక్కువ. తర్వాత ఇంటర్‌నెట్ ఉన్న ప్రతి ఇల్లూ లైబ్రరీ అయిపోయింది. కిషన్‌పురలోనో సుబేదారిలోనో జిరాక్స్ షాపుకు పీడీఎఫ్ పంపితే పేజీకి రూపాయో రెండో. ఇది చిన్న మేలు కాదు. ఈ ఊళ్లో క్లాసికల్ పియానో బతికిందంటే అందులో ఆ సైట్ వాటా పెద్దదే.

కానీ అందులో ఒక మెలిక ఉంది. ఉచితంగా ఉండాలంటే పాతదై ఉండాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. (మొదట 50 ఉండేది. 1941లో పోయిన రవీంద్రుడి రచనల గడువు తీరుతుండగా 1992లో పది కలిపారు.) బాఖ్ 1750లో పోయాడు కాబట్టి ఆయన సంగీతానికి అడ్డు లేదు. అచ్చులో సొంత తెలివితో చేర్పులు చేసిన ఎడిటర్‌కు మాత్రం విడిగా హక్కు ఉంటుంది. ఆ ఎడిటర్ కూడా పోయి అరవై ఏళ్లు దాటాలి. దాంతో మన పిల్లల చేతికి ఊరికే అందేది ముఖ్యంగా 19వ శతాబ్దపు అచ్చులు, 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలవి. స్వరకర్త రాతపై ఎడిటర్లు మొహమాటం లేకుండా చెయ్యి చేసుకున్న కాలం సరిగ్గా అదే. చట్టం ఎవరినీ మోసం చెయ్యలేదు. గడువు లెక్క అలా కుదిరింది.

ఆ చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే 1837కు వెళ్లాలి. బీతోవెన్ శిష్యుడు కార్ల్ చెర్నీ ఆ ఏడు బాఖ్ 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అనే ప్రెల్యూడ్, ఫ్యూగ్ ముక్కల సంపుటిని లైప్‌జిగ్‌లో పీటర్స్ కంపెనీకి సిద్ధం చేసి ఇచ్చాడు. బాఖ్ రాతలో వేగం సూచనలు అతి తక్కువ. ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెల్లగా అన్నది దాదాపు లేదు. ఆయన ముందున్నది హార్ప్సికార్డ్, క్లావికార్డ్. మన పియానో కాదు. చెర్నీ ప్రతి ప్రెల్యూడ్‌కు, ఫ్యూగ్‌కు మెట్రోనోమ్ అంకె, అంటే వేగం కొలత, వేశాడు. క్రమంగా గట్టిపడమనే క్రెషెండోలు, స్వరాలు కలపమనే స్లర్లు, తుంచమనే స్టకాటోలు, ఏ స్వరానికి ఏ వేలో చెప్పే ఫింగరింగ్ అన్నీ పెట్టాడు. దాచలేదు కూడా. బీతోవెన్ ఆ ఫ్యూగుల్లో చాలా వాటిని వాయిస్తుండగా తాను విన్న జ్ఞాపకం, ముప్పై ఏళ్లకు పైబడిన సొంత అధ్యయనం తన ఆధారాలని ముందుమాటలో చెప్పుకున్నాడు.

నిజానికి అదొక అపురూపమైన సాక్ష్యం. బీతోవెన్ బాఖ్‌ను ఎలా వాయించి ఉంటాడో కొంతైనా చెప్పే పుస్తకం ఇంకెక్కడ దొరుకుతుంది? చిక్కు వచ్చింది ముందుమాటతో. న్యూయార్క్‌లో షర్మర్ కంపెనీ 1892లో మొదలుపెట్టిన చవక పుస్తకాల వరసలో చెర్నీ ప్రతి చేరి ప్రపంచమంతా తిరిగింది. పీడీఎఫ్ దించుకునేవాళ్లు ముందుమాట వదిలేసి తమకు కావలసిన రెండు పేజీలే ప్రింట్ తీస్తారు. ఆ రెండు పేజీల మీద పైన కుడివైపు బాఖ్ పేరు ఉంటుంది. లోపలి గుర్తుల్లో ఏవి బాఖ్‌వి, ఏవి చెర్నీవి అన్న తేడా అచ్చులో ఉండదు. అన్నీ ఒకే సిరా, ఒకే సైజు. ఇక్కడి పిల్ల ఆ క్రెషెండోను బాఖ్ ఆజ్ఞ అనుకుని రెండు నెలలు సాధన చేస్తుంది. ఆ ఉర్‌టెక్స్ట్ టీచర్ కోపం ధర గురించి కాదు, దీని గురించే. ఆమె పక్షంవాళ్లు చెప్పే ఈ మాట వాట్సాప్ గోలలో ఎవరికీ వినపడలేదు.

వాళ్లు చూపించే ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది సీ మేజర్ ప్రెల్యూడ్. నేర్చుకునే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు వాయించేదే. బాఖ్ రాసింది 35 బార్లు, అంటే తాళం లెక్కన విడగొట్టిన 35 గడులు. 22వ బార్‌లో ఎడమచేతి అడుగు స్వరం ఎఫ్ షార్ప్ దగ్గర ఉంటుంది, 23లో ఏ ఫ్లాట్‌కు ఒక్క గెంతు గెంతుతుంది. ఆ గెంతు ఎవరికో ఎబ్బెట్టుగా తోచి, మధ్యలో మెట్టులా ఒక బార్ చేర్చారు. ష్వెంకే అనే సంగీతకారుడి పేరుతో దాన్ని పిలుస్తారు. అది 19వ శతాబ్దపు అచ్చుల్లోకి పాకింది. ఫ్రాన్స్ స్వరకర్త గూనో 1853లో ఈ ప్రెల్యూడ్ మీద తన రాగం కట్టినప్పుడు ముందున్నది ఆ అదనపు బార్ ఉన్న ప్రతే. చర్చిల్లో పెళ్లిళ్లకు పాడే 'ఆవే మరియా' అదే. దాంట్లో ఆ బార్ తీసేస్తే గూనో రాగం తెగిపోతుంది, ప్రెల్యూడ్‌లో ఉంచితే బాఖ్ వేసిన గెంతు పోతుంది. కాజీపేట ఫాతిమానగర్‌లో ఆదివారం 'ఆవే మరియా'కు కీబోర్డు వాయించే కుర్రాడు సోమవారం ప్రెల్యూడ్ పాఠానికి కూర్చుంటే వేళ్లు ఆ అదనపు బార్ కోసం తడుముకోవడంలో వింతేముంది?

ఇంకా చిన్నపిల్లల మెట్టులో జీ మేజర్ మిన్యూయెట్ ఉంది. బాఖ్ భార్య అన్నా మాగ్డలేనా నోట్‌బుక్ లోనిది. పాత అచ్చులన్నిటి మీదా బాఖ్ పేరే. అది క్రిస్టియన్ పెట్జోల్డ్ అనే వేరే స్వరకర్త రాసిందని 1970లలో తేలింది. పీడీఎఫ్‌కు ఆ కబురు అందలేదు.

ఇక రెండో పక్షం. వాళ్లు చెప్పేది ధర, అందుబాటు. విదేశీ పుస్తకం ఒక్కోటి వేలల్లో పడుతుంది, రావడానికి వారాలు పడుతుంది, అందులో ముప్పై ముక్కలుంటే పరీక్షకు కావలసింది ఒకటి. నిజమే. జిరాక్స్ తీయడం తప్పేమీ కాదని కూడా వాళ్లంటారు. 2016లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఒకటి గ్రూపుల్లో తిరుగుతోంది. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని జిరాక్స్ షాపు మీద పెద్ద పబ్లిషర్లు వేసిన కేసులో, టీచరో విద్యార్థో బోధనలో భాగంగా తీసుకునే ప్రతులకు సెక్షన్ 52లో మినహాయింపు ఉందని కోర్టు అంది. ఆ కేసు యూనివర్సిటీ పాఠాలది; ఇంట్లో ట్యూషన్ల సంగతి అందులో తేల్చలేదు. అదీగాక పరీక్ష బోర్డులకు తమ సొంత నియమం ఉంది: కాపీరైట్ ఉన్న పుస్తకానికి అనుమతి లేని జిరాక్స్ పట్టుకుని పరీక్షకు రాకూడదు. గడువు తీరిన పాత ప్రతిని దించుకుని వాయిస్తే ఏ అభ్యంతరమూ లేదు. అంటే కొత్త ఉర్‌టెక్స్ట్‌ను జిరాక్స్ తీసేవాడికే చిక్కు. చెర్నీని ప్రింట్ తీసేవాడు క్షేమం. ఈ తిరకాసు రెండు పక్షాల్లో ఎవరూ గట్టిగా చెప్పరు.

ఉర్‌టెక్స్ట్ అన్న ఆలోచన కూడా నిన్నటిది కాదు. బాఖ్ పేరిట జర్మనీలో 1850లో మొదలైన సంఘం ఆయన రచనలను మూలప్రతులతో పోల్చి యాభై ఏళ్ల పాటు అచ్చు వేసింది. అయితే వాయించేవాళ్ల బల్ల మీదకు దాన్ని తెచ్చింది గుంటర్ హెన్లె. పారిశ్రామికవేత్త, తనకోసం పియానో వాయించుకునేవాడు. 1948లో కంపెనీ పెట్టాడు. ఇక్కడ టీచర్లు 'బ్లూ కవర్' అంటున్నది దాన్నే. 1972లో వియన్నా ఉర్‌టెక్స్ట్ అనే వరస వచ్చింది, బేరన్‌రైటర్ కంపెనీ కూడా ఇదే దారిలో ఉంది. స్వరకర్త షోపాన్‌కు పోలండ్‌లో యాన్ ఎకియెర్ 1959లో మొదలుపెట్టిన నేషనల్ ఎడిషన్ పూర్తయ్యేసరికి 2010.

బ్లూ కవర్ కొనగానే నిజం చేతికొచ్చిందనుకునేవాళ్లు కూడా ఉన్నారు, అదొక భ్రమ. ఆ పుస్తకాల్లో ఫింగరింగ్ చాలావరకు కంపెనీ పెట్టించిందే. హెన్లె పాత సంపుటాల్లో ఎన్నింటికో ఆ వేళ్ల అంకెలు హాన్స్ మార్టిన్ థియొపోల్ట్ అనే పియానిస్టు వేసినవి. బీతోవెన్ 'ఫ్యూర్ ఎలీజె' సంగతి చూడండి. 1810 నాటి ముక్క, బీతోవెన్ పోయిన నలభై ఏళ్లకు 1867లో లూట్విగ్ నోల్ అచ్చు వేయించాడు. ఆయన చూసిన మూలప్రతి తర్వాత కనిపించకుండా పోయింది. 7వ బార్‌లో కుడిచేతి రెండో స్వరం ఈ నా, డీ నా అని నేటికీ వాదనే. షోపాన్ తన నాక్టర్న్‌లను పారిస్, లైప్‌జిగ్, లండన్‌లలో వేరువేరు కంపెనీలకు ఇచ్చాడు, అచ్చుల్లో తేడాలున్నాయి. ఆపైన శిష్యుల పుస్తకాల్లో పెన్సిల్‌తో కొత్త అలంకారాలు రాసిచ్చాడు. వాటిలో ఏది మూలం? క్లెమెంటి అనే స్వరకర్త తన ఓపస్ 36 సోనటీనాలను 1797లో వేసి, కీబోర్డు పొడవు పెరిగాక తానే మళ్లీ దిద్దాడు. రెండూ ఆయనవే.

బమ్మెర పక్కనే ఉన్న మనకు ఇది అర్థం కాని సంగతి కాదు. పోతన భాగవతంలో ఐదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, చివరి రెండూ నారయవి అని పుస్తకంలోనే ఉంటుంది. అయినా చదువుతాం, పోతన భాగవతమనే అంటాం. ఎవరి పద్యం ఎవరిదో తెలిసి చదువుతాం, అంతే తేడా.

మరి ఈ ఏడే ఇంత వేడెందుకు? నా అంచనా 2020. కోవిడ్ నాడు బోర్డులు వీడియో పరీక్షలు తెచ్చాయి. అంతకుముందు పరీక్ష కోసం కాజీపేట నుంచి రైలెక్కి జంటనగరాలకు పోవాల్సి వచ్చేది, ఏడాదికి ఇద్దరో ముగ్గురో వెళ్లేవారు. ఇప్పుడు ఇంట్లోనే 88 కీల డిజిటల్ పియానో ముందు ఫోన్ నిలబెట్టి రికార్డు చేసి పంపవచ్చు. నేర్చుకునేవాళ్లు పెరిగారు, టీచర్లు పెరిగారు, ఎవరి శిష్యులకు డిస్టింక్షన్ వచ్చిందన్న పోటీ పెరిగింది. మార్కులు తగ్గినప్పుడు నింద మోయడానికి ఎడిషన్ ఒకటి దొరికింది. లండన్ బోర్డుల్లో ఒకటైన ఏబీఆర్‌ఎస్‌ఎం సిలబస్ చదివితే ఈ నింద నిలవదు. చాలా ముక్కలకు ఏ ఎడిషన్ అయినా వాడవచ్చనీ, ఎడిటర్ సూచించిన ఫింగరింగ్, మెట్రోనోమ్ వంటివి తప్పనిసరి కావనీ అందులో స్పష్టంగా ఉంది. బ్లూ కవర్ లేదని మార్కు కోసే పరీక్షకుడు లేడు. ఈ ఒక్క విషయంలో ఆ టీచర్ తొందరపడ్డారనే అనాలి.

అలాగని చెర్నీ ఒక్కటే ఉచితం అనుకోవడం కూడా బద్ధకమే. అదే సైట్‌లో, అదే పేజీలో కాస్త కిందికి దిగితే బాఖ్ సంఘం 1866లో వేసిన ఫ్రాంజ్ క్రోల్ ప్రతి ఉంది, చేర్పులు లేకుండా. హాన్స్ బిషోఫ్ 1880లలో చేసింది ఉంది. ప్రతుల మధ్య తేడాలను అడుగున నోట్‌లో చెబుతాడు. చేత్తో రాసిన బాఖ్ ఇన్వెన్షన్ల 1723 ప్రతి స్కాన్ ఉంది. అన్నీ పైసా ఖర్చు లేనివే. వీటిని వదిలి మనవాళ్లు చెర్నీ దగ్గరే ఎందుకు ఆగుతారంటే, వేళ్ల అంకెలూ వేగమూ అన్నీ వేసి ఉన్న పేజీ టీచర్‌కు పని తగ్గిస్తుంది కాబట్టి. క్రోల్ పేజీ ముందు పెట్టుకుంటే ఆ వేళ్లు, ఆ వేగం ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి పెన్సిల్‌తో రాయాలి. వారానికి నలభై మందికి పాఠం చెప్పే ఇంట్లో ఆ తీరిక ఎవరికుంది అని రెండో పక్షం టీచర్ అడిగితే, దానికి మొదటి పక్షం దగ్గర ఇంకా జవాబు లేదు.