హోమ్ స్క్రీన్, యాప్ మెనూ: అపోహలు - వాస్తవాలు

2020 వరకు ఐఫోన్‌లో యాప్ వేసుకుంటే దాని ఐకాన్ హోమ్ స్క్రీన్ మీద ఉండి తీరాల్సిందే. ఆ ఏడాది ఐఓఎస్ 14తో యాప్ లైబ్రరీ (యాప్‌లన్నీ ఒకచోట ఉండే వేరే పేజీ) వచ్చాక ఆ నిర్బంధం పోయింది. ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లలో యాప్‌ల మెనూ ఎప్పట్నుంచో వేరుగానే ఉంది. అంటే హోమ్ స్క్రీన్ మీద ఉన్నది యాప్‌కి దారి మాత్రమే. ఈ సంగతి తెలియకే చాలామంది తికమక పడుతున్నారు.

అపోహ: ఐకాన్ తీసేస్తే యాప్ పోయినట్టే.
వాస్తవం: ఐకాన్‌ని నొక్కి పట్టుకుంటే సాధారణంగా రిమూవ్, అన్‌ఇన్‌స్టాల్ అని రెండు కనిపిస్తాయి. రిమూవ్ నొక్కితే పోయేది ఐకానే. మీ లాగిన్, మీరిచ్చిన పర్మిషన్లు అలాగే ఉంటాయి. అప్పు యాప్ వద్దనుకుంటే అన్‌ఇన్‌స్టాలే చేయాలి.

అపోహ: మెనూలో కనిపించట్లేదంటే ఆ యాప్ ఫోన్‌లో లేదు.
వాస్తవం: డబ్బు పోయేది ఈ నమ్మకంతోనే. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేరుతో వచ్చే నకిలీ ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ని నేరుగా వేసేవి) ఇన్‌స్టాల్ అవగానే మాయమైనట్టు నటిస్తాయి. యాప్‌లు తమ ఐకాన్‌ని పూర్తిగా దాచుకోకుండా ఆండ్రాయిడ్ 10 నుంచి కట్టడి ఉంది. అందుకే కొన్ని పేరు ఖాళీగా వదిలి, కంటికి ఆనని ఐకాన్ పెట్టుకుంటాయి.

అనుమానం వస్తే ముందు మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, మొత్తం జాబితా చివరిదాకా చూడండి. పేరు లేనిది, మీరు వేయనిది కనిపిస్తే తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే ఆ యాప్ డివైస్ అడ్మిన్ (ఫోన్‌ని అదుపు చేసే) హక్కు తీసుకుని ఉండొచ్చు. సెట్టింగ్స్ పైనున్న వెతికే చోట ‘డివైస్ అడ్మిన్’ అని కొట్టి, ఆ హక్కు తీసేశాక మళ్లీ ప్రయత్నించండి. సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో కూడా ఆ యాప్ ఆన్‌లో ఉంటే ఆపండి. స్క్రీన్ చదివేది, మీ బదులు బటన్లు నొక్కేది ఆ పర్మిషన్‌తోనే. డబ్బు పోయి ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు వేరే ఫోన్ నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, మీ బ్యాంకుకి చెప్పండి.

అపోహ: విడ్జెట్లు (హోమ్ స్క్రీన్ మీదే సమాచారం చూపే చిన్న పెట్టెలు) పెడితే బ్యాటరీ కరిగిపోతుంది.
వాస్తవం: ఆండ్రాయిడ్‌లో విడ్జెట్ తనంతట తాను రిఫ్రెష్ అయ్యే మామూలు పద్ధతికి కనీస వ్యవధి 30 నిమిషాలు. ఐఫోన్‌లో తరచూ చూసే విడ్జెట్‌కి రోజుకు సుమారు 40 నుంచి 70 రిఫ్రెష్‌లే దక్కుతాయి. క్రికెట్ స్కోరు విడ్జెట్ ఆలస్యంగా మారేది అందుకే. బ్యాటరీ తినేది తరచుగా వెనకాల ఆగకుండా లొకేషన్ వాడే యాప్. అది బ్యాటరీ సెట్టింగ్స్‌లో పేరుతో సహా కనిపిస్తుంది.

అపోహ: దాచిన యాప్ ఎవరికీ తెలియదు, మనకు మాత్రం మామూలుగా పనిచేస్తుంది.
వాస్తవం: ఆండ్రాయిడ్ 15లోని ప్రైవేట్ స్పేస్‌కి తాళం వేస్తే అందులోని యాప్‌లు ఆగిపోతాయి, నోటిఫికేషన్లు రావు. అర్జెంటు మెసేజ్‌లు వచ్చే యాప్‌ని అందులో పెట్టకండి. పైగా అక్కడ వేసేది కొత్త కాపీ, బయటున్న పాతదాన్ని మీరే తీయాలి. ఐఓఎస్ 18లో దాచిన యాప్‌కీ నోటిఫికేషన్లు రావు, సెట్టింగ్స్‌లో కొన్నిచోట్ల దాని పేరు కనిపిస్తుంది.

అపోహ: ఐకాన్లు చెల్లాచెదురైతే ఫోన్ రీసెట్ చేయాల్సిందే.
వాస్తవం: అక్కర్లేదు. ముందు రీస్టార్ట్ చేయండి. కుదరకపోతే సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో లాంచర్‌ని (హోమ్ స్క్రీన్‌ని నడిపే యాప్) తెరిచి క్యాష్ క్లియర్ చేయండి. ఇంకా కుదరకపోతేనే డేటా క్లియర్ చేయండి. అప్పుడు ఫోల్డర్లు, విడ్జెట్లు, మీరు పేర్చుకున్న వరస పోతాయి. ఫొటోలు, యాప్‌లు ఎక్కడికీ పోవు. పాత వరస గుర్తుండేలా ముందే ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పెద్దవాళ్ల చేతిలో ఐకాన్లు మాటిమాటికీ జరిగిపోతుంటే, శాంసంగ్‌లో హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లాక్ హోమ్ స్క్రీన్ లేఅవుట్ ఆన్ చేయండి. అక్కడే కొత్త యాప్‌లు హోమ్ స్క్రీన్ మీద చేరకుండా ఆపే స్విచ్ కూడా ఉంటుంది.