రోడ్డు గట్టు దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

1591లో హైదరాబాద్‌కు పునాది పడినప్పుడు చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు తీశారు. 1908 మూసీ వరద తర్వాత 1912లో వచ్చిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీల్లో రోడ్లు వెడల్పు చేసింది. రెండుసార్లూ గీత గీసింది సర్కారే. శివార్లకొచ్చేసరికి ఆ పని పొలం కొన్నవాళ్ల చేతికి పోయింది.

ఐదెకరాలు కొన్న వెంచర్ యజమాని మధ్యలో 30 అడుగుల రోడ్డు వేసి రెండు పక్కలా ప్లాట్లు కొడతాడు. పక్క సర్వే నంబరులో ఇంకా వరి పండుతుంటుంది. అందుకని రోడ్డును గట్టు దగ్గర ఆపి, ఆ చివరా ఓ ప్లాటు గీసి అమ్మేస్తాడు. కొన్నేళ్లకు పక్క పొలమూ వెంచరవుతుంది. అప్పటికి ఆ చివరి ప్లాటులో రెండంతస్తుల ఇల్లు లేచి ఉంటుంది. గోడ అవతలి ఇంటికి వెళ్లాలన్నా మెయిన్ రోడ్డెక్కి చుట్టి రావాల్సిందే.

దీన్ని లెక్కగట్టడం తేలికే. ఐదు వరసల్లో ఐదేసి కూడళ్లను గళ్లలా కలిపితే 25 కూడళ్లకు 40 రోడ్డు ముక్కలు, అంటే కూడలికి 1.6. అవే 25 బిందువులను చెట్టుకొమ్మల్లా కలిపితే ముక్కలు 24 మాత్రమే, అంటే 0.96. ఇక ఎక్కడికైనా ఒక్కటే దారి. అలాంటి కాలనీలో మొదటి ముక్కను డ్రైనేజీ కోసం తవ్వితే వెనకున్న ఇళ్లన్నిటికీ అంబులెన్స్ దారి మూసుకుపోయినట్టే.

2007లో 12 మున్సిపాలిటీలు, కొన్ని పంచాయతీలు హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో (జీహెచ్‌ఎంసీ) కలిసినప్పుడు ఈ లేఅవుట్లూ అలాగే వచ్చి చేరాయి. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే 2020 ఎల్‌ఆర్‌ఎస్ పథకంలో ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం వసూలు పెట్టారు. అది ప్లాటును క్రమబద్ధం చేస్తుంది గానీ తెగిన రోడ్డును కలపదు. అసలు లోపం అక్కడే ఉంది. గేటెడ్ కమ్యూనిటీలకు వెనక స్థలాలకు దారిగా ఒక అంచున పబ్లిక్ రోడ్డు వదలాలన్న నిబంధన ఉంది. పక్క సైటు వాళ్లు తమ రోడ్డును ఇంకో అంచున వేస్తే రెండూ కలవవు. నగరం చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికీ ఎక్కడపడితే అక్కడ ఎక్కలేం. అటూ ఇటూ ఉన్న ఊళ్లకు అండర్‌పాస్‌లే దిక్కు.

లేఅవుట్ మంజూరు రోజునే చుట్టుపక్కల సర్వే నంబర్ల రోడ్లనూ అదే నక్ష మీద గీయించి, గట్టు దాకా రోడ్డు వదిలిస్తే ప్రభుత్వానికి భూసేకరణ ఖర్చుండదు. చివరి ప్లాటు రిజిస్ట్రేషన్ అయ్యాక అదే 30 అడుగుల కోసం ఇల్లు కూల్చి పరిహారం కట్టాలి.