తాళం పెద్దదైతే చాలా? ఊరెళ్ళేముందు వదిలించుకోవాల్సిన కొన్ని అపోహలు

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటికి తలుపు బాగుచేయడానికి పోయాను. వాళ్ళు నాలుగు రోజులు చెన్నైలో పెళ్ళికి పోయొచ్చేసరికి ఇల్లు దోచేశారు. పోలీసులు వచ్చి చూసుకుని పోయాక నన్ను పిలిచారు. గడప పక్కన ఆల్‌డ్రాప్, అంటే తలుపుకు బయట తాళం తగిలించే పెద్ద ఇనప గడియ, పడి ఉంది. దానికి తాళం వేసింది వేసినట్టే ఉంది. ఆ ఇంటి అక్క తాళంచెవి నా చేతికిచ్చి, "ఏడు లివర్లదన్నా ఇది. పన్నెండొందలు పెట్టి కొన్నాం. ఎట్లా తీసుంటారంటావ్?" అని అడిగింది. చెవి పెట్టి తిప్పితే సుతారంగా తెరుచుకుంది. ఆ తాళాన్ని ఎవరూ తాకనే లేదు. ఆల్‌డ్రాప్‌ను తలుపుకు పట్టి ఉంచిన అంగుళం స్క్రూలు నాలుగూ చెక్కపొట్టుతో సహా ఊడొచ్చాయి.

తిరుపతిలో తాళాలు, గ్రిల్లులు, కెమెరాలు బిగించే పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. ఊరికి పోయేముందు జనం నన్ను అడిగేవి, నమ్మేవి దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తాళం ఎంత పెద్దదైతే ఇల్లు అంత భద్రం.

వాస్తవం: దొంగ తాళం తీయడానికి కూర్చోడు. గడ్డపార మొన ఆల్‌డ్రాప్ కిందికి దూర్చి ఒక్క ఎత్తు ఎత్తుతాడు. అక్కడ నిలబడాల్సింది తాళం కాదు, స్క్రూలు. మన పక్కన తమిళనాడులో దిండిగల్ తాళాలకు 2019లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. చేత్తో చేసే ఆ మామిడికాయ తాళాలంటే నాకు ప్రాణం. కానీ ఎంత గొప్ప తాళమైనా అంగుళం స్క్రూల మీద వేలాడుతుంటే దాని బలం కూడా అంగుళమే.

చేయాల్సిన పని చిన్నది. స్క్రూలు తీసేసి, తలుపు మందం దాటి లోపలికి వచ్చే బోల్టులు వేయించండి. బయటివైపు బోల్టు తల నున్నగా గుండ్రంగా ఉండాలి, పానా పట్టకూడదు. లోపల ఒక ఇనప పట్టీ పెట్టి దాని మీద నట్టు బిగించాలి. ద్వారబంధం వైపు కూడా ఇదే పని చేయించాలి, చాలామంది తలుపు ఒక్కటి చేయించి అది మర్చిపోతారు. దీనికి కొత్త తాళం కొన్నంత ఖర్చు కూడా కాదు. వీలున్నవాళ్ళు తలుపు మందంలోనే ఇమిడిపోయే మార్టిస్ లాక్ పెట్టించుకోండి. బయట తాళం వేలాడదు కాబట్టి ఇంట్లో మనుషులున్నారో లేదో వీధిలో పోయేవాడికి తెలియదు.

ఇంకొక మాట. ముందు వాకిలికి టేకు తలుపు, ఇనప గ్రిల్లు పెట్టి, మేడమెట్ల దగ్గర మాత్రం పల్చటి ఫ్లష్ డోర్, వేలెడంత గడియతో సరిపెట్టిన ఇళ్ళు బైరాగిపట్టెడలో, కొర్లగుంటలో ఎన్నో చూశాను. ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉన్న వీధుల్లో ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దెకు దాటడం పెద్ద పనేం కాదు. ఊరెళ్ళేముందు ఒకసారి మేడెక్కి, అక్కడి నుంచి మీ ఇంట్లోకి మీరే రావాలంటే ఎట్లా వస్తారో చూడండి.

అపోహ: తిరుపతిలో రాత్రీ పగలూ జనం తిరుగుతూనే ఉంటారు, దొంగలకు ధైర్యం చాలదు.

వాస్తవం: ఈ మాట నాతో చాలామంది అన్నారు. నేను దీన్ని తిరగేసి చూస్తాను. చిన్న పల్లెలో కొత్త మనిషి భుజాన బ్యాగుతో కనిపిస్తే, ఎవరింటికప్పా అని అరుగు మీది పెద్దాయన అడుగుతాడు. మన ఊళ్ళో తెల్లవారుజామున మూడింటికి నలుగురు బ్యాగులతో వీధిలో పోతున్నా యాత్రికులేలే అనుకుంటాం. ఎవరూ అడగరు. అందుకే ఇక్కడ ఇరుగుపొరుగు ఇంకా ముఖ్యం.

మే నెలలో గంగమ్మ జాతరకు చాటింపు వేశాక, జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి పోకూడదని మన పెద్దల ఆచారం. పాటించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజుల్లో వీధంతా ఇళ్ళలోనే ఉంటుంది, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. జాతర అయిపోగానే సెలవుల ప్రయాణాలు మొదలవుతాయి. నాకు విరిగిన తలుపుల ఫోన్లు వచ్చేది అప్పుడే.

అపోహ: వరండా లైటు వేసిపెట్టి పోతే ఇంట్లో మనుషులున్నట్టే అనిపిస్తుంది.

వాస్తవం: రాత్రి అనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం కూడా అదే లైటు వెలుగుతుంటే ఇల్లు ఖాళీ అని మనమే చెప్పినట్టు. చీకటి పడితే వెలిగి, తెల్లారితే ఆరిపోయే సెన్సార్ బల్బులు హార్డ్‌వేర్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతాయి. వరండాకు అదొకటి, లోపలి గదిలో దీపానికి టైమరొకటి పెట్టండి.

లైటు కన్నా ముందు కనపడేది ముగ్గు. మన వీధుల్లో ప్రతి వాకిట్లో పొద్దున్నే నీళ్ళు చల్లి ముగ్గేస్తారు. మూడు రోజుల పాత ముగ్గు చెదిరిపోయి, దుమ్ము పట్టిన వాకిలి ఒక్కటుంటే ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. ఎండిన తులసి, గేటు లోపల పడున్న పేపర్లు, తలుపుకు వేలాడే పాల సంచి కూడా అంతే. పాలు, పేపరు ఆపించండి. పక్కింటి పిన్నికో, పనిచేసే అమ్మాయికో చెప్పి రోజూ వాకిలి చిమ్మించి, ఒక్క ముగ్గు వేయించండి. నా పని తాళాలు బిగించడమే అయినా, ఏ తాళం కన్నా ఈ ముగ్గునే ఎక్కువ నమ్ముతాను.

అపోహ: కెమెరాలు పెట్టించాం, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: కెమెరా చూస్తుంది, ఆపదు. అది చూడటానికి కూడా కరెంటుండాలి. షార్ట్ సర్క్యూట్ భయంతో మెయిన్ ఆపేసి ఊరెళ్ళే అలవాటు మనలో చాలామందికి ఉంది. మెయిన్‌తో పాటు కెమెరా, వైఫై రెండూ ఆగిపోతాయి. ఫ్రిజ్‌కు, కెమెరాకు ఉన్న ఎంసీబీలు (మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకుండే స్విచ్‌లు) ఉంచి మిగతావి ఆపండి. గ్యాస్ రెగ్యులేటర్ మాత్రం తప్పకుండా ఆపేయండి. కరెంటు పోతే కెమెరా, వైఫై నడవడానికి చిన్న యూపీఎస్ ఉంటే మంచిది.

రికార్డింగ్ దాచే డీవీఆర్ టీవీ స్టాండులో పెడితే టీవీతో పాటు అదీ పోతుంది. అటక మీదో, తాళం వేసే కప్‌బోర్డులోనో పెట్టించండి. కెమెరా మరీ పైన, స్లాబుకు ఆనించి పెడితే నడినెత్తి తప్ప మొహం పడదు. వాకిలి దగ్గర ఎనిమిది అడుగుల ఎత్తు సరిపోతుంది. కంపెనీ వేసిచ్చిన పాస్‌వర్డ్ అట్లాగే వదిలేయకండి. నేను బిగించిన చోట కూడా, నేను వెళ్ళిపోయాక పాస్‌వర్డ్ మార్చుకోండనే చెబుతాను.

అపోహ: ఊరెళ్తున్నామని పోలీసులకు చెప్పడం పెద్దోళ్ళ పని.

వాస్తవం: ఎవరైనా చెప్పొచ్చు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) యాప్ తాళం వేసిన ఇళ్ళ కోసమే. ముందుగా నమోదు చేసుకుని, ఊరెళ్ళేముందు నిఘా కోరితే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. లోపల కదలిక కనిపిస్తే కంట్రోల్ రూముకు సమాచారం పోతుంది. దీనికి డబ్బు తీసుకోరు. మీ ఏరియాలో ఈ సదుపాయం ఎట్లా అందుతుందో స్టేషన్‌లో రెండు రోజులు ముందే అడగండి, రైలెక్కే గంట ముందు కాదు. స్టేషన్‌లో చెప్పండి గానీ వాట్సాప్ స్టేటస్‌లో చెప్పకండి. కాశీలో తీసుకున్న ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

అపోహ: నగలు బియ్యం డబ్బాలో, దేవుడి గదిలో దాస్తే ఎవరికీ దొరకవు.

వాస్తవం: ముందు వెతికేది అక్కడే. బీరువాలో పట్టుచీరల కింద, పరుపు కింద, బియ్యం డబ్బాలో, దేవుడి పటం వెనక. నగలకు బ్యాంకు లాకరే మేలు. లాకర్లో పోయినా బ్యాంకు పట్టించుకోదనే మాట కూడా సరికాదు. 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం లాంటి వాటివల్ల లాకర్లో సొమ్ము పోతే బ్యాంకు ఏడాది అద్దెకు 100 రెట్లు బాధ్యత వహించాలి. అద్దె 2,000 రూపాయలైతే 2 లక్షలు. మొత్తం నగల విలువ రాకపోవచ్చు, కానీ బియ్యం డబ్బా ఆ మాత్రం కూడా ఇవ్వదు. పెళ్ళి నుంచి రాగానే మళ్ళీ లాకర్లో పెట్టేయండి. నగలన్నిటికీ ఫొటోలు తీసి, బిల్లులతో పాటు వేరేచోట ఉంచండి.

ఇంటికి బీమా ఉందంటే దొంగతనానికీ ఉన్నట్టే అనుకోకండి. 2021 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ ముఖ్యంగా అగ్నిప్రమాదాలు, వరదల లాంటి వాటికి. మామూలు దొంగతనానికి వేరే కవర్ తీసుకోవాలి.

తాళంచెవి మీటరు బాక్సు మీద, పూలకుండీ కింద, చెప్పుల స్టాండులో పెట్టే అలవాటు ఇవాళే మానేయండి. ఇవ్వాల్సివస్తే మనిషి చేతికే ఇవ్వండి.

తిరిగొచ్చేసరికి తలుపు తీసి ఉందనుకోండి, లోపలికి పోకండి. మనిషి ఇంకా లోపలే ఉండొచ్చు. ఏం పోయిందో చూద్దామని బీరువా ముట్టుకుంటే వేలిముద్రలు చెరిగిపోతాయి. గేటు బయటే నిలబడి 112కు ఫోన్ చేయండి. పోలీసులు, వేలిముద్రలు తీసే క్లూస్ టీమ్ వాళ్ళు పని ముగించాకే తలుపు బాగుచేసేవాణ్ణి పిలవండి. ఎంత రాత్రయినా వస్తాం.